మన ఇంటికొచ్చి నవ్వించిన మనిషి



వంటలయ్యాయి, గిన్నెలు సర్దుకున్నారు, పిల్లలు బడి నుంచి రావడానికి ఇంకా కాస్త వ్యవధి ఉంది. ఈ కాసేపూ మీతో ఒక మనిషిని గురించి ముచ్చటిద్దామని వచ్చాను. ఆయన నాకు చుట్టం కాదు, పక్కం కాదు. నేనాయన్ని ఎదురుగా చూసింది లేదు, ఒక్క మాట మాట్లాడింది లేదు. అయినా ఆయన పోయిన రోజున మా చిలకలూరిపేటలో మా ఇంట్లో పొయ్యి ఆలస్యంగా వెలిగింది. మా అత్తయ్య ఆ పూట కాఫీ ముట్టలేదు.

మొన్నామధ్య మా పక్కింటి అమ్మాయి ఈ సంగతి విని, "అదేంటి పిన్నిగారూ, టీవీలో కనిపించే మనిషి పోతే ఇంట్లో మనిషి పోయినట్టు బాధపడతారా ఎవరైనా?" అని అడిగింది. నవ్వుతూనే అడిగిందిలెండి. నేనప్పుడు సరైన సమాధానం చెప్పలేకపోయాను. ఆలోచించి చూస్తే, ఆ ప్రశ్న మనలో చాలామందిది అనిపించింది. హాస్యనటుడు పోతే మనకెందుకంత దిగులు? ఆయన మనకు ఏమిచ్చాడని? ఇవాళ నా ప్రసంగం దాని మీదే.

ఆ మనిషి ధర్మవరపు సుబ్రహ్మణ్యం గారు. పేరు చెప్పగానే మీ పెదవి మీదికి ఒక చిరునవ్వు వచ్చిందా లేదా? చూశారా మరి! పోయినవాళ్ళ పేరు చెబితే నవ్వు రావడం ఎంతమందికి దక్కుతుంది చెప్పండి.

ఆయన పుట్టింది అప్పటి ప్రకాశం జిల్లా, బల్లికురవ మండలంలోని కొమ్మినేనివారిపాలెం అనే పల్లెటూళ్ళో. మా చిలకలూరిపేటకు మరీ కూతవేటు దూరం కాదుగానీ, బస్సెక్కితే పూట పట్టని దారి. అంటే మా ఇలాకా మనిషే అన్నమాట. ఒంగోలులో చదువుకున్నారు. చదువుకునే రోజుల నుంచీ నాటకాల పిచ్చి. ప్రజానాట్యమండలి వారితో కలిసి నాటకాలు ఆడారు. తర్వాత హైదరాబాదులో పంచాయతీరాజ్ శాఖలో ఉద్యోగం. ఇక్కడొక మాట గుర్తుంచుకోండి. ఆయన కడుపు నింపుకోడానికి వేషం కట్టినవారు కాదు, గవర్నమెంటు ఆఫీసులో కుర్చీలో కూర్చుని ఫైళ్ళు చూసినవారు. ఈ సంగతితో మనకు తర్వాత పనుంది.

హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలైంది. కానీ మా బోటి ఊళ్ళకు టీవీ బొమ్మ అందడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. ఆ టీవీలోనే "ఆనందో బ్రహ్మ" అని ఒక హాస్య ధారావాహిక వచ్చింది. ధర్మవరపు గారిని ఇంటింటికీ తీసుకొచ్చింది అదే. సినిమా వాళ్ళు ఆయన్ని పిలిచి వేషాలిచ్చి పెద్దవాణ్ణి చేశారని కొందరు అనుకుంటారు. మన ఆడవాళ్ళకు మాత్రం ఆయన ముందు టీవీ మనిషి, తర్వాతే సినిమా మనిషి.

ఆ రోజులు మీలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటాయి. మా వీధి మొత్తానికి మూడే టీవీలు. మాది బ్లాక్ అండ్ వైటు ఈసీ టీవీ. డాబా మీద యాంటెన్నా. గాలి కొడితే అది అటో ఇటో తిరిగిపోయేది. బొమ్మ బదులు తెర నిండా చుక్కలు, దోమలు ముసిరినట్టు. మావారు మెట్లెక్కి తిప్పుతుంటే, కింద నుంచి పిల్లలు "వచ్చింది, వచ్చింది, అయ్యో పోయింది!" అని అరిచేవాళ్ళు. చానల్ ఒక్కటే. అందరం చూసేదీ అదే. అందుకని నవ్వు కూడా వీధంతా ఒకేసారి వచ్చేది. మా ఇంట్లో నవ్వితే రెండిళ్ళవతల నవ్వు కూడా వినిపించేది. ఇవాళ ఎవరి ఫోను వాళ్ళది, ఎవరి నవ్వు వాళ్ళది. ఆ చెవుల్లో పెట్టుకునేవి తీస్తేగానీ ఎదుటివాళ్ళు ఎందుకు నవ్వుతున్నారో తెలియదు.

ఆ తొంభైల మొదట్లోనే మా మామగారు పోయారు. పత్తి వ్యాపారం దగ్గర గుమాస్తాగిరీ చేసి నలుగురు పిల్లల్ని పైకి తెచ్చిన మనిషి. ఉన్నట్టుండి పోయారు. మా అత్తయ్య అప్పటికి ఇంకా యాభై దాటలేదు. ఆవిడ ఏడవడం కూడా మేం పెద్దగా చూడలేదు. మాట ఆగిపోయింది, అంతే. వంటింటి పక్క గదిలో కూర్చునేది. పిలిస్తే పలికేది, పెడితే తినేది. గడప దాటి వరండాలోకి కూడా వచ్చేది కాదు. భర్త పోయిన ఆడమనిషి నలుగురి కళ్ళ పడగూడదనే రోజులు కదా అవి. ఏడాది తిరిగే దాకా ఇంట్లో పండగల్లేవు, పబ్బాల్లేవు. టీవీ మీద దుప్పటి కప్పి ఉంచాం.

ఏడెనిమిది నెలలు గడిచాక పిల్లలు ఉండబట్టలేక ఒకరోజు దుప్పటి తీశారు. నేను వద్దనలేదు. శబ్దం బాగా తగ్గించి పెట్టాం. "ఆనందో బ్రహ్మ" వస్తోంది. ఆ రోజు ఆయనేం మాట్లాడారో నాకిప్పుడు మాటకు మాట గుర్తు లేదు. ముఖంలో ఎక్కడా నవ్వు లేకుండా, పెద్ద పనేదో నెత్తిన వేసుకున్న పెద్దమనిషిలాగా ఏదో చెబుతున్నారు. పిల్లలు నోటికి చేతులు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. ఇంతలో వెనక నుంచి చిన్న శబ్దం వినబడింది. తిరిగి చూస్తే మా అత్తయ్య. తలుపు పక్కన నిలబడి ఉంది. ఒళ్ళో చింతపండు ఉంది, ఈనెలు తీస్తూ తీస్తూ లేచొచ్చినట్టుంది. నవ్వుతోంది! కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు అదిరేటట్టు నవ్వుతోంది.

"ఇదుగో అమ్మాయ్, ఎవురే ఈ పిలగాడు? మా అద్దంకి వైపు మాటలాగుందే! అచ్చం మా మేనమామ మాట్టాడినట్టే ఉంది" అంది.

ఆవిడ పుట్టిల్లు అద్దంకి వైపే. పెళ్ళయి మా పేటకొచ్చి ముప్ఫై ఏళ్ళయినా, ఆ యాస పోలేదు. ఆ టీవీలో మనిషి మాటల్లో ఆవిడకు పుట్టింటి అరుగు వినబడింది. ఆ రోజు నుంచి వారం వారం ఆవిడే గుర్తు చేసేది, "మా అద్దంకి పిలగాడు వచ్చే రోజు ఇయ్యాలే కదంటే?" అని.

ఇది ఊళ్ళో తెలిసింది. మా దూరపు బంధువు ఒకావిడ ఇంటికొచ్చి, "ఏడాదన్నా తిరగలేదు, అప్పుడే ఇకఇకలూ పకపకలూనా?" అని నాకు వినబడేటట్టే అంది. నాకు తల కొట్టేసినట్టయింది. కోడల్ని కదా, నింద నా మీదికే వస్తుంది. ఆ రాత్రి టీవీ మీద మళ్ళీ దుప్పటి కప్పబోయాను. మా అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. "వద్దులేవే. మీ మామయ్య ఉన్నన్నాళ్ళూ నన్ను నవ్వించాడు. ఏడ్చుకుంటా కూర్చుంటే ఆయనకు తృప్తి ఉంటదా?" అంది. ఎనిమిది నెలల తర్వాత ఆవిడ నాతో మాట్లాడిన పెద్ద మాట అదే.

అదండీ సంగతి. పక్కింటి అమ్మాయికి నేను చెప్పాల్సిన జవాబులో సగం ఇది. మందులు, ఓదార్పు మాటలు, చుట్టాల పరామర్శలు తీసుకురాలేని మనిషిని, ఎక్కడో హైదరాబాదులో కెమెరా ముందు నిలబడ్డ ఒకాయన వంటింటి గడప దాటించాడు. ఆయనకు ఆ సంగతి ఎప్పటికీ తెలియదు. అందుకే ఆ రుణం ఇంకా పెద్దదిగా అనిపిస్తుంది నాకు.

సరే, ఇప్పుడు ఒక్క నిమిషం ఆలోచిద్దాం. నవ్వించేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఈయన హాస్యంలో ప్రత్యేకత ఏమిటి? నేను నాటకాలు చదివినదాన్ని కాను. వంటింట్లో నుంచి చూసి తెలుసుకున్నదే చెబుతాను.

మొదటిది, ఆయన తాను నవ్వరు. మన ఇళ్ళల్లో కూడా గమనించండి. కథ చెబుతూ చెబుతూ తనే ముందు నవ్వేసే పిన్ని ఉంటుంది. ఆవిడ కథకు మనం మర్యాదకు నవ్వుతాం. ముఖం ముడుచుకుని, నిజంగా బాధపడుతున్నట్టు చెప్పే బామ్మ ఉంటుంది. ఆవిడ దగ్గర కడుపు పట్టుకుని దొర్లుతాం. ఎందుకంటే చెప్పేవాళ్ళు నవ్వితే, "ఇది నవ్వాల్సిన చోటు" అని మనకు ఆజ్ఞ వేసినట్టు ఉంటుంది. నవ్వకుండా చెబితే, ఆ వింత మనమే కనిపెట్టినట్టు ఉంటుంది. ధర్మవరపు గారు బామ్మ జాతి. ఎంత అసంబద్ధమైన మాటైనా సరే, ధర్మపన్నాలు చెప్పినంత గంభీరంగా చెబుతారు.

రెండోది, చిన్న మనిషి పెద్దరికం. ఇందాక ఆయన ఆఫీసు ఉద్యోగం గుర్తుంచుకోమన్నాను చూడండి, ఇక్కడికే వస్తున్నాను. మన ఆఫీసుల్లో సంతకం పెట్టే చెయ్యి ఎంత చిన్నదైనా, దాని వెనకున్న మనిషి అంత పెద్దవాడైపోతాడు. బల్ల మీద కాగితం బరువు, వెనక తువ్వాలు వేసిన కుర్చీ, "రేపు రా" అనే మాట. ఇవన్నీ ఆయన రోజూ చూసినవే. తేజ గారి "నువ్వు నేను" 2001లో వచ్చింది. అందులో ఆయన కాలేజీ లెక్చరరు. గుణశేఖర్ గారి "ఒక్కడు" 2003లో వచ్చింది. అందులో పాస్‌పోర్టు ఆఫీసరు. రెండు వేషాల్లోనూ ఒకటే సూత్రం. కుర్చీ ఇచ్చిన గొప్పతనం ఒకటి, లోపలున్న మామూలు మనిషి బలహీనత ఒకటి. ఆ రెండింటి మధ్య సందులోంచి నవ్వు వస్తుంది.

మావారు కూడా గవర్నమెంటు ఉద్యోగే. "ఒక్కడు" చూసి వచ్చిన రాత్రి ఆయన అన్నం తింటూ తింటూ ఆగి, "నేను కూడా ఆఫీసులో ఇట్లాగే కనిపిస్తానంటావా?" అని అడిగారు. నేను మజ్జిగ పోస్తూ ఊరుకున్నాను. మర్నాటి నుంచి వచ్చినవాళ్ళను నిలబెట్టకుండా కుర్చీ చూపించడం మొదలుపెట్టారట. ఎవరైనా ఎదురుగా చెబితే ఆయన పౌరుషానికి పోయేవారు. నవ్వుతూ అద్దం చూపిస్తే చూసుకున్నారు. హాస్యం చేసే మేలు అదే కదా.

మూడోది, భాష. రేడియోలో, సినిమాల్లో ఒకప్పుడు హాస్యగాడంటే వింత యాస పెట్టాలనేవారు. పల్లెటూరి మాట మాట్లాడితే నవ్వాలి, పట్నం మాట మాట్లాడితే గౌరవించాలి అన్నట్టు ఉండేది. ధర్మవరపు గారి దగ్గర ఆ తేడా లేదు. ప్రకాశం, గుంటూరు జిల్లాల మాట తీరు ఆయన నాలుక మీద ఉన్నదే. దాన్ని వెక్కిరించడానికి వాడలేదు. మాట చివర కాస్త సాగదీయడం, మధ్యలో ఒక్క క్షణం ఆగడం, తర్వాత ఏమీ ఎరగనట్టు అసలు మాట జారవిడవడం. పోపులో ఆవాలు చిటపటమన్న తర్వాతే కదా కరివేపాకు వేస్తాం! ముందు వేసినా బాగుండదు, ఆలస్యం చేసినా మాడుతుంది. ఆ అదను ఆయనకు తెలుసు.

నాలుగోది టీవీకి సంబంధించిన కిటుకు. స్టేజీ నాటకంలో చివరి బెంచీలో కూర్చున్నవాడికి కూడా వినబడాలి, కనబడాలి. అందుకని గొంతు పెద్దది చెయ్యాలి, చేతులు ఊపాలి. టీవీలో అట్లా కాదు. మనిషి ముఖం మనకు మూడు గజాల దూరంలో, మన గదిలోనే ఉంటుంది. అరిస్తే మనకు చికాకు వేస్తుంది. కనుబొమ్మ ఒక్కటి లేస్తే చాలు. స్టేజీ నుంచి వచ్చిన చాలామందికి ఈ తేడా పట్టుబడలేదు. ఈయనకు పట్టుబడింది. మన ఇంటికొచ్చి, మన సోఫాలో కూర్చుని మాట్లాడుతున్నట్టే మాట్లాడారు. చుట్టరికం కలిసిందంటే కలవదూ మరి!

సినిమాలోకి ఆయన్ని తీసుకొచ్చింది జంధ్యాల గారు, 1989లో "జయమ్ము నిశ్చయమ్మురా"తో. ఆ తర్వాత ఎన్నో సినిమాలు. "తోకలేని పిట్ట" సినిమాకు తనే దర్శకత్వం వహించారు. "ఆలస్యం అమృతం"కు 2010 సంవత్సరానికి ఉత్తమ హాస్యనటుడిగా నంది బహుమతి వచ్చింది. రాష్ట్ర సాంస్కృతిక మండలికి అధ్యక్షులుగా కూడా పనిచేశారు. ఇవన్నీ పేపర్లలో రాసేవే, మీకు తెలిసినవే. ఎక్కువ చెప్పను.

ఒక మాట మాత్రం దాచుకోకుండా చెప్పాలి. మన సినిమా హాస్యంలో అంతా బాగుందని నేననను. హాస్యం పేరుతో పెళ్ళాన్ని గయ్యాళిని చేయడం, లావుగా ఉన్న అమ్మాయిని చూసి వెకిలిగా నవ్వడం, హాస్యగాణ్ణి చెంపలు వాయించడం ఇవన్నీ మనం చూస్తూనే ఉన్నాం. పిల్లల పక్కన కూర్చుని తల దించుకున్న సందర్భాలూ ఉన్నాయి. ధర్మవరపు గారు నటించిన సినిమాల్లోనూ అట్లాంటివి ఉండొచ్చు. వేషం రాసేది ఒకరు, వేసేది ఒకరు. అయితే ఆయన పాత్రల్లో నాకు నచ్చినదేమిటంటే, నడివయసు దాటిన మగవాడి చాపల్యం మీద ఆయన నవ్వించారు. ఆడపిల్ల మీద కాదు, ఆమెను చూసి పడుచువాణ్ణనుకునే ఆ పెద్దమనిషి మీద మనం నవ్వుతాం. గమనించి చూడండి, ఈ తేడా చిన్నదేం కాదు.

ఇంకో సంగతి. మన చిన్నప్పుడు "ఆడపిల్ల పళ్ళు కనబడేటట్టు నవ్వకూడదు" అనేవాళ్ళు. నవ్వే ఆడదాన్ని నమ్మరాదని సామెతలు కూడా కట్టారు. మగవాళ్ళు అరుగు మీద కూర్చుని పగలబడి నవ్వితే కాలక్షేపం, మనం వంటింట్లో నవ్వితే అప్రతిష్ఠ. టీవీ వచ్చి ఎన్ని చెడగొట్టిందో నేను చెప్పక్కర్లేదుగానీ, ఇదొక్కటి మాత్రం బాగు చేసింది. అత్తా, కోడలూ, ఆడపడుచూ, మగవాళ్ళూ, పిల్లలూ ఒకే గదిలో కూర్చుని, ఒకే మాటకు, ఒకేసారి పైకి నవ్వడం నేర్పింది. మా అత్తయ్య కొంగు అడ్డం లేకుండా నవ్వడం నేను చూసింది అప్పుడే.

ఇదంతా మన ఒక్కళ్ళ సంగతే అనుకోకండి. ఇంగ్లండులో ఎరిక్ మోర్కంబ్ అని ఒక టీవీ హాస్యనటుడు ఉండేవాడు. అసలు పేరు అది కాదు. పుట్టిన ఊరు మోర్కంబ్, ఆ ఊరి పేరే తన పేరు చేసుకున్నాడు. ఎర్నీ వైజ్ అనే స్నేహితుడితో కలిసి నవ్వించేవాడు. క్రిస్మస్ రాత్రి వాళ్ళ కార్యక్రమం కోసం ఆ దేశంలో కోట్ల మంది టీవీల ముందు కూర్చునేవాళ్ళట. 1984 మే నెలలో ఒక హాలులో ప్రదర్శన ముగించి, తెర వెనక్కి వచ్చి కుప్పకూలిపోయాడు. 28వ తేదీ తెల్లవారుజామున కన్నుమూశాడు. వయసు 58. ఆ ఊరి సముద్రపు ఒడ్డున ఆయనకు విగ్రహం పెడితే, 1999లో రాణీ ఎలిజబెత్ వచ్చి ఆవిష్కరించింది. ఆ విగ్రహం దగ్గర అంతా నవ్వుతూ ఫొటోలు తీయించుకుంటారు.

అదే 1984లో, ఆయనకంటే ఆరు వారాల ముందు, టామీ కూపర్ అనే మరో హాస్యగాడు పోయాడు. ఎర్ర టోపీ పెట్టుకుని ఇంద్రజాలం చేస్తూ, కావాలనే తప్పులు చేసి నవ్వించడం ఆయన పద్ధతి. ఏప్రిల్ 15న టీవీలో ప్రదర్శన నడుస్తుండగానే గుండె ఆగి స్టేజీ మీద కూలబడ్డాడు. జనం అది కూడా ఆటలో భాగమే అనుకుని నవ్వారు. ఎంత ఘోరం అనిపిస్తుంది వింటే. కానీ ఆ నవ్విన వాళ్ళ తప్పేముంది? ఆయన జీవితమంతా వాళ్ళకు నేర్పింది అదే కదా.

మన దేశంలోనే చూడండి. 1989లో దూరదర్శన్‌లో "ఫ్లాప్ షో" అని జస్పాల్ భట్టీ గారి కార్యక్రమం వచ్చింది. వచ్చినవి పదే భాగాలు. ఆఫీసులు, కాంట్రాక్టర్లు, టెలిఫోన్లు, సామాన్యుడి అగచాట్లు. హిందీ సరిగ్గా రాని మా ఇంట్లో కూడా నవ్వుకున్నాం. ఆయన 2012 అక్టోబరు 25న పంజాబులో జలంధర్ దగ్గర కారు ప్రమాదంలో పోయారు. మర్నాడు ఆయన సినిమా "పవర్ కట్" విడుదల.

ఇక మన తెలుగువాళ్ళకు 2013 చివరి రెండు నెలలూ చెడ్డ రోజులు. నవంబరు 8న ఏ.వి.ఎస్. గారు పోయారు. మన తెనాలి మనిషి. బాపు గారి "మిస్టర్ పెళ్ళాం"తో 1993లో సినిమాల్లోకి వచ్చిన ఆయన పేరు కూడా సుబ్రహ్మణ్యమే. నెల తిరక్కుండానే డిసెంబరు 7, శనివారం, ధర్మవరపు సుబ్రహ్మణ్యం గారు హైదరాబాదులో కన్నుమూశారు. కాలేయ క్యాన్సరు. ఏ.వి.ఎస్. గారిదీ కాలేయం జబ్బే. 2008లో ఆయనకు కూతురు తన కాలేయంలో కొంత భాగం ఇచ్చి మరో అయిదేళ్ళు బతికించుకుంది.

ఆ జబ్బుల కారణాల జోలికి నేను పోను, అది డాక్టర్ల పని. కానీ ఈ సందర్భంలో రెండు మాటలు చెప్పకపోతే తప్పవుతుంది. కాలేయం నోరులేని అవయవం. సగానికి పైగా చెడిపోయే దాకా నొప్పి అనదు. ఆకలి మందగించడం, ఒళ్ళు తగ్గడం, కళ్ళు పచ్చబడటం, పొట్ట ఉబ్బడం కనబడేసరికి చాలాసార్లు ఆలస్యమైపోతుంది. అట్లాంటివి కనబడితే "పసరు మందు వేద్దాంలే" అని రోజులు గడపకండి. డాక్టరుకు చూపించండి. తాగుడు ఒక్కటే కారణమనుకుని, తాగనివాళ్ళకు రాదనీ అనుకోకండి. బి, సి రకం కామెర్ల క్రిములు, మితిమీరిన కొవ్వు, చక్కెర జబ్బు కూడా దాన్ని తింటాయి. బి రకానికి టీకా ఉంది. పుట్టిన 24 గంటల లోపల పసిబిడ్డకు వేయించాలి. మన ఇంట్లో ప్రసవమయ్యే కూతురికో కోడలికో ఈ మాట గుర్తు చేయడం మన బాధ్యత. ఇక ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు కాలేయంలో కొంత భాగం ఇస్తే, మిగిలింది కొన్ని నెలల్లో మళ్ళీ పెరుగుతుంది. భగవంతుడు ఆ ఒక్క అవయవానికి ఆ వరం ఇచ్చాడు.

ఆ ఆదివారం పొద్దున్న సంగతి చెప్పి ముగిస్తాను. టీవీ పెట్టగానే వార్త. అన్ని చానళ్ళలోనూ ఆయనే. ఒక పక్క పూలదండలు, ఏడుస్తున్న మనుషులు. ఇంకో పక్క ఆయన సినిమాల్లోని హాస్య సన్నివేశాలు. లెక్చరరుగా, ఆఫీసరుగా ఆయన మాట్లాడుతూనే ఉన్నారు. మా అబ్బాయి "ఇదేంటమ్మా, చావు ఇంట్లో కామెడీ వేస్తున్నారు?" అని చానల్ మార్చబోయాడు. మా అత్తయ్య అప్పటికి డెబ్భై దాటిన మనిషి. "ఉంచరా" అంది. కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి. అంతలో ఆయన ఏదో అన్నాడు. ఆవిడ కిసుక్కున నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "పోయినోడే నవ్విచ్చి ఊరడిస్తన్నాడు చూడరా" అంది.

నవ్వించినవాళ్ళు పోతే మనకు రెండు రకాల బాధ. ఆయన పోయాడని ఒకటి. ఆయనతో కలిసి నవ్విన మన రోజులు పోయాయని రెండోది. ఆ యాంటెన్నా, ఆ దుప్పటి, పక్కింట్లో నుంచి వినబడే ఆ నవ్వు, తలుపు పక్కన చింతపండుతో నిలబడ్డ ఆవిడ. ఆ మనిషి గొంతు వినబడితే చాలు, అవన్నీ ఒక్కసారిగా తిరిగొస్తాయి. మరి అలాంటి మనిషి చుట్టం కాడని ఎట్లా అంటాం?

మా అత్తయ్య కూడా ఇప్పుడు లేదు. నాలుగేళ్ళ కిందట, కోటప్పకొండ తిరునాళ్ళకు పురుషోత్తమపట్నం ప్రభలు కడుతున్న రోజుల్లో, నిద్రలోనే వెళ్ళిపోయింది. పదకొండో రోజున చుట్టాలంతా భోజనాలు చేసి ఊరికే కూర్చున్నాం. ఎవరికీ మాట రావడం లేదు. అప్పుడు మా అబ్బాయి లేచి, ముఖం గంభీరంగా పెట్టి, ధర్మవరపు గారి లెక్చరరు లాగా ఒక్క చెయ్యి ఊపాడు, అంతే. ఒకరు నవ్వారు. తర్వాత ఇంకొకరు. చివరకు ఇల్లంతా నవ్వింది. ఎవరో ఒకరు మమ్మల్ని తప్పు పట్టే ఉంటారు. నాకు బాధనిపించలేదు. టీవీ మీద దుప్పటి కప్పొద్దని నా చెయ్యి పట్టుకున్న చెయ్యి నాకు గుర్తుంది.

కాబట్టి సోదరీమణులారా, మీ ఇంట్లో కూడా దిగులుతో మూల కూర్చున్న పెద్దవాళ్ళు ఉంటే, మందులతో పాటు ఒక నవ్వు కూడా అందించండి. ఇప్పుడు ఆ పాత సన్నివేశాలన్నీ ఫోనులోనే దొరుకుతున్నాయి కదా. పిల్లల చేత పెట్టించి, వాళ్ళ పక్కన కాసేపు కూర్చోండి. ఫోను చేతికిచ్చి వెళ్ళిపోకండి, పక్కన కూర్చోండి. నవ్వు ఒంటరిగా వస్తే సగమే వస్తుంది.

అదీ పక్కింటి అమ్మాయికి నా జవాబు. వింటోందో లేదో మరి! ఉంటానండి, పిల్లలొచ్చే వేళయింది. సెలవు.